రెండు మాటల ఆలస్యం

ఆ వేసవిలో మా ఆవిడ ఆసుపత్రి కొత్త కట్టడం మీద టవర్ క్రేన్ నడిపేది. నేను నేల మీద నిలబడి వాకీటాకీలో ఆవిడకు దారి చెప్పేవాణ్ణి. పధ్నాలుగు అంతస్తుల ఎత్తున, కుర్చీ ఒక్కటే పట్టే గాజు క్యాబిన్‌లో ఆవిడ రెండు లీవర్లు పట్టుకుని కూర్చునేది. మధ్యలో పాత ఆసుపత్రి భవనం అడ్డం. కొక్కేనికి వేలాడే బరువు ఆ భవనం వెనక్కి దిగిందంటే ఇక ఆవిడకు కనపడదు. అక్కణ్ణుంచి ఆవిడకు కళ్ళు నేనే. పెళ్ళయిన పన్నెండేళ్ళలో నేను చెప్పింది చెప్పినట్టు ఆవిడ వినే చోటు అదొక్కటేనని పనివాళ్ళు నవ్వుకునేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అబద్ధమైతే కోపం వచ్చేది.

వాకీటాకీలో మొగుడూ పెళ్ళాం ఉండరు. ఆవిడ పేరు ‘పైన’, నా పేరు ‘కింద’. అక్కడ మర్యాదలూ బతిమాలడాలూ పనికిరావు. బరువు దించాలంటే నేను ‘దించు, దించు, దించు’ అంటూనే ఉండాలి. నా మాట నడిచినంతసేపు ఆవిడ చెయ్యి నడవాలి. నా నోరు ఆగితే ఆవిడ చెయ్యి ఆగాలి. పద్ధతి అంతే. రోజుకు కొన్ని వేలసార్లు ఆ మాట అనేవాణ్ణి. నిద్రలో కూడా అంటున్నానని, ఏం దించమంటారని మా ఆవిడ నన్ను తట్టి లేపేది. అన్నిసార్లు అన్న మాటకు ఒక చెడ్డ గుణం ఉంటుంది. నోటికి అలవాటైపోయాక దానికి మనిషితో పని ఉండదు.

వేసవి మొదట్లో, ఒక బుధవారం పొద్దున, ఇనుప చువ్వల కట్టను మూడో శ్లాబు మీదకి దింపుతున్నాం. నేనూ శ్లాబు మీదకి ఎక్కి, మనుషులందరినీ పక్కకి పంపేశాను. చోటు ఖాళీగా ఉందని చూసుకున్నాను. దించు, దించు అంటున్నాను. ఆ సమయంలో నా బుర్రలో ఉన్నది మా ఇంటి మెట్లు. మేముండేది మూడో అంతస్తులో. నెల కిందట మా అత్తగారు మెట్ల మీద జారి పడింది. ఎముకలకు ఏమీ కాలేదు గాని, నాకు భయం పట్టుకుంది. కింది అంతస్తులో ఇల్లేదైనా చూడాలి, ఎక్కడ చూడాలి, సామాను ఎలా దింపాలి అని లెక్కలు వేసుకుంటున్నాను. కళ్ళు శ్లాబు మీదే ఉన్నాయి. చూస్తూ లేవు.

మట్టం మేస్త్రి అని ఒక తాపీ మేస్త్రి ఉండేవాడు. రసమట్టం చేతిలో లేనిదే అడుగు వెయ్యడు. టీ కొట్టు బల్ల మీద కూడా పెట్టి చూసి, వంకరగా ఉందని కొట్టువాడికి చెప్పి మరీ టీ తాగేవాడు. ఆ పూట పక్కకి వెళ్ళేటప్పుడు రసమట్టం శ్లాబు మీద మర్చిపోయాడు. దానికోసం వెనక్కి వచ్చి వంగాడు. నా నోరు దించు అంటూనే ఉంది.

కేకలు వినబడ్డాయి. నేను తేరుకునేసరికి కట్ట ఒక కొస అతని కాలి మీద ఉంది. ఆపు, ఎత్తు అని నేను అరిచింది మాత్రం బాగా గుర్తు. ఎత్తాక అతన్ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి మోసుకుపోయారు. కట్టేది ఆసుపత్రి కాబట్టి దూరం వెళ్ళనక్కర్లేదు, గోడ అవతలికి వెళ్తే చాలు. చీలమండ దగ్గర ఎముక రెండుగా విరిగిందని సాయంత్రానికి కబురొచ్చింది. ప్రాణానికి భయం లేదన్నారు. ఇక తిన్నగా నడవలేడని కూడా అన్నారు.

మర్నాడు ఇంజినీరు గారు మమ్మల్నిద్దరినీ తన గదిలోకి పిలిచారు.

"ఏం జరిగిందయ్యా?" అన్నారు.

"పరధ్యానంలో ఉన్నానండీ. మనిషి రావడం చూళ్ళేదు. చూడగానే ఆపమన్నాను. ఆలస్యమైపోయింది" అన్నాను.

"నువ్వేమంటావమ్మా?"

మా ఆవిడ బల్ల మీది కాగితాల కేసి చూస్తూ, "ఆగిపోయిందండీ" అంది.

ఇంజినీరు గారు అదే రాశారు. దారి చెప్పే మనిషి ఆలస్యంగా ఆపమన్నాడు, క్రేన్ నడిపే మనిషి మాట విన్న వెంటనే ఆపింది. నేను సంతకం పెట్టాను. ఆయన మంచివాడు. వారం రోజులు ఇంట్లో ఉండి, మనసు కుదుటపడ్డాక రమ్మన్నారు.

వారం తర్వాత వెళ్ళాను. వాకీటాకీ చేతిలోకి తీసుకుని మీట నొక్కాను. నోట మాట రాలేదు. గొంతులో ఏదో అడ్డం పడినట్టుంటే దగ్గి చూశాను, నీళ్ళు తాగి చూశాను. మీట వదిలేస్తే మామూలుగా మాట్లాడగలను. నొక్కితే లేదు. పనివాళ్ళు తలలు దించుకున్నారు. నన్ను స్టోరులో వేశారు. బోల్టులు, పలకలు, తాళ్ళు ఎవరికేం కావాలో తీసిచ్చే పని. ఇంకో కట్టడం నుంచి ఒకాయన్ని నా చోటుకి తెచ్చారు. ఆయన గొంతు బొంగురు కాబట్టి బొంగురాయన అన్నారు. స్టోరు కిటికీలోంచి ఆయన ‘దించు’ వినబడుతుంటే, పరాయి మనిషి నా చెప్పులు వేసుకు తిరుగుతున్నట్టుండేది.

నేను దేవుడు లేడనే రకం కాదు. అలాగని తెగ పట్టించుకునే రకమూ కాదు. ఆయన మానాన ఆయన, నా మానాన నేను. ఆ వేసవిలో మాత్రం ఆయనతో ఒక బేరం పెట్టుకున్నాను. ఇక ముందు నా వల్ల ఏ పొరపాటూ జరగదని నాకు ఎలాగైనా తెలియజెయ్యి, మర్నాడే వాకీటాకీ పడతాను అన్నాను. కల్లోనైనా సరే, ఎవరి నోటనైనా సరే అన్నాను. మూడు వారాలు చూశాను. ఏ కబురూ రాలేదు.

ఇంట్లో మా ఆవిడ మాటలు తగ్గించేసింది. కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి లేచిపోయేది. పొద్దున్నే పనికి బయల్దేరే ముందు గోడ వైపు తిరిగి చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడేది. ఇదివరకు అంత ప్రార్థన లేదు. నా మీద కోపం అణుచుకోవడానికి అనుకున్నాను. అనుకోవడంలో న్యాయం కూడా కనబడింది. నా నోటి తప్పు ఆవిడ చేతికి అంటింది కదా.

ఒకరోజు బొంగురాయన స్టోరుకి తాడు కోసం వచ్చి, కూర్చుని మరీ గోల పెట్టాడు.

"మీ ఆవిడతో పెద్ద చిక్కొచ్చి పడిందయ్యా. నేను దించు అంటే బెత్తెడు దించి ఆగుతుంది. మళ్ళీ అంటే మళ్ళీ బెత్తెడు. గంటలో అయ్యే పని పూటంతా పడుతోంది. నా మాట మీద నమ్మకం లేదా ఏంటి?"

"నా మాట మీద నమ్మకం పోయింది. మీది కూడా అందులో కొట్టుకుపోయింది" అన్నాను. అలా అనడం నాకే బాగున్నట్టనిపించింది. తప్పంతా నాదేనని ఒప్పేసుకుంటే ఇక ఎవరూ ఏమీ అడగరు, అందులో ఒక సుఖం ఉంది. ఆ సుఖానికి మరిగాను కూడా.

వానలు పడేలోగా ఆపరేషన్ గదులను చల్లబరిచే యంత్రాన్ని దించాలి. నాలుగు టన్నుల బరువు, మా వంటగదంత ఉంటుంది. పాత భవనంలో రెండు వార్డుల మధ్య నిలువునా వదిలిన సందులోంచి అడుక్కి దింపాలి. అటూ ఇటూ కిటికీలు, కిటికీల వెనక మంచాలు, మంచాల మీద రోగులు. క్యాబిన్ నుంచి ఆ సందు అసలు కనపడదు. ఇంజినీరు గారు మా ఆవిడను పిలిచి, వచ్చే సోమవారం అన్నారు.

ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అంది. "యంత్రం దింపుతానని చెప్పాను. కింద మీరుంటేనే అని కూడా చెప్పాను."

"నీకేమైనా మతి పోయిందా?" అన్నాను.

"లేదు."

"బొంగురాయన ఉన్నాడు. ఇరవై ఏళ్ళ అనుభవం."

"ఆయనకి భయం లేదండీ. నాకదే భయం."

"నాకు మాటే రావడం లేదు కదే."

"మాట రాకపోతే నేను దించను. అంతేగా. బరువు గాల్లోనే ఉంటుంది. ఎవరికీ ఏమీ కాదు."

"నువ్వు దించకపోతే క్రేన్ మీద నీ సీటే పోతుంది, తెలుసా?"

"అందుకే మీకు చెప్తున్నాను" అని స్నానానికి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా వెయ్యలేదు, మెల్లగానే వేసింది. నాకు మాత్రం అది మొహం మీద వేసినట్టే ఉంది.

ఆ ఆదివారం పొద్దున మా అత్తగారు కూరగాయలకు బయల్దేరింది. జారిపడిన మనిషి మానేస్తుందనుకుంటే, ఒక్కరోజు కూడా మానలేదు. నేను వెంట వెళ్ళి మెట్ల దగ్గర చెయ్యి అందించాను. నలభై మూడు మెట్లు. ఒక్కో మెట్టు దిగే ముందు ఆగి, పెదవులు కదిపి, అప్పుడు కాలు వేస్తోంది.

"ఏమంటున్నారత్తయ్యా?"

"దేవుడితో మాట్లాడుకుంటున్నాను బాబూ."

"ఏమని?"

"నాయనా, ఈ మెట్టు దింపు, అని."

"నలభై మూడిటికీ ఒకేసారి అడగొచ్చు కదా. ఆయనకి శ్రమ తగ్గుతుంది."

ఆవిడ నవ్వలేదు. ఎనిమిదో మెట్టు మీద ఆగి ఆయాసం తీర్చుకుంది. "మొదట్లో అలాగే అడిగాను. పైనే నిలబడి, ఇక జన్మలో పడకుండా చూడు స్వామీ అని. కిందకి చూస్తే కళ్ళు తిరిగేవి, అన్ని మెట్లూ ఒకేసారి మీదకి వచ్చేవి. అరగంట నిలబడి ఇంట్లోకి వెళ్ళిపోయేదాన్ని. హామీ కాగితం ఆయన ఎవరికీ రాసివ్వడు బాబూ. అలా రాసిస్తే మళ్ళీ ఆయన మొహం చూసేవాడెవడు? ఈ ఒక్క మెట్టుకీ అడిగితే మాత్రం కాలు కదిలింది."

"అప్పుడు భయం పోయిందా?"

"ఎక్కడికి పోతుంది, నాతోనే దిగుతుంది" అంటూ తొమ్మిదో మెట్టుకి పెదవులు కదిపింది.

సంచీ నిండా కూరగాయలతో తిరిగి ఎక్కేటప్పటికి నాకు ఓపిక పోయింది గాని ఆవిడకు పోలేదు. నేనేమీ మారిపోలేదు. అత్తగారి మెట్లకూ నాలుగు టన్నులకూ పోలికేంటి అనుకున్నాను. సోమవారం పొద్దున మాత్రం ఎవరూ పిలవకుండానే లేచి, మా ఆవిడతో పాటు బయల్దేరాను. నిచ్చెన దగ్గర ఆవిడ నా వైపు తిరిగి, "వస్తానండీ" అంది. పైకి వెళ్ళేవాళ్ళు ఆ మాట అనడం నాకు ఎప్పుడూ ఇష్టం ఉండదు. ఆ రోజు ఇంకా ఇష్టం లేకపోయింది.

వార్డుల కిటికీలన్నీ మూయించారు. నన్ను సందు అడుగున, సిమెంటు దిమ్మె పక్కన నిలబెట్టారు. పక్కన ఇంజినీరు గారు. తల ఎత్తితే పైన నలుచదరంగా కాస్త ఆకాశం. ఆ ఆకాశంలోకి యంత్రం వచ్చి వెలుగును మూసేసింది. మీట నొక్కాను.

"పైన. కింద మాట్లాడుతున్నాను" అన్నాను. గొంతు నాది కానట్టుంది. అయినా వచ్చింది.

"కింద. వినబడుతోంది" అంది ఆవిడ.

దించు అన్నాను. యంత్రం కదిలింది. ఒక అంతస్తు, రెండు అంతస్తులు. రెండు వైపులా జానెడు జానెడు సందు. దించు, దించు. మూడో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి నా నోరు దాని దారిన అది పోతున్నట్టు అనిపించింది. అదే వరుస, అదే అలవాటు. ఆ బుధవారం కూడా ఇలాగే పోయింది. అదే సమయంలో రెండో అంతస్తు కిటికీ రెక్క తెరుచుకుని, లోపలి నుంచి ఒక ముసలి చెయ్యి తడిగుడ్డను చువ్వల మీద ఆరేస్తూ బయటికొచ్చింది.

నోరు మూసుకున్నాను.

యంత్రం ఆగిపోయింది. వాకీటాకీలో, "ఆగాను" అంది మా ఆవిడ.

ఎవరో వార్డులోకి పరిగెత్తారు. చెయ్యి లోపలికి వెళ్ళింది. కిటికీ మూశారు. గడియ పెట్టిన చప్పుడు కూడా వినబడింది. ఇక దించు అనాలి. మీట నొక్కాను, మాట లేదు. నా తల మీద నాలుగు టన్నులు మెల్లగా ఊగుతున్నాయి. ఇంజినీరు గారు, "ఏమయ్యా" అన్నారు. మళ్ళీ, "చెప్పవయ్యా" అన్నారు. నేను గుడ్లప్పగించి పైకి చూస్తున్నాను. అది దిగాల్సింది ఇంకా రెండంతస్తులు. అంత దూరంలో ఎన్ని కిటికీలు, ఎన్ని చేతులు, ఎన్ని పొరపాట్లు ఉన్నాయో అన్నీ ఒక్కసారే కనబడ్డాయి.

అప్పుడు వాకీటాకీలో మళ్ళీ ఆవిడ గొంతు వచ్చింది. "ఉన్నాను."

అది పద్ధతిలో లేని మాట. బరువు వేలాడుతుండగా పైనున్న మనిషి ఆగాను అనడం వరకే. కింది మనిషి పలికేదాకా ఇంకేమీ అనకూడదు. ఆవిడ అనేసింది. నాకు ఏడుపొచ్చింది. అది ఏడవడానికి చోటు కాదు కాబట్టి ఆపుకున్నాను.

స్వామీ, అడుగుదాకా సంగతి నాకు తెలీదు, అన్నాను లోపలే. ఈ ఒక్క జానెడు చూడనియ్యి. చూసింది చెప్పనియ్యి. ధైర్యం వచ్చిందని అబద్ధం ఎందుకు చెప్పాలి, భయం నాతోనే ఉంది. ఎడమ వైపు చూశాను, ఖాళీ. కుడి వైపు చూశాను, ఖాళీ. దించు అన్నాను. మళ్ళీ రెండు వైపులా చూశాను. దించు అన్నాను. చూడకుండా ఒక్కసారి కూడా అనలేదు. గంటన్నర పట్టింది. యంత్రం దిమ్మె మీద కూర్చున్నాక కొక్కెం విప్పుతుంటే చూస్తే, నా చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది.

ఇంజినీరు గారు నా వీపు తట్టి, రేపటి నుంచి నీ చోటు నీదేనన్నారు. బొంగురాయన కూడా వచ్చి చెయ్యి కలిపాడు. ఇంత నత్తనడక తన వల్ల కాదని ఒప్పుకుని మరీ కలిపాడు. నేను నిచ్చెన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మా ఆవిడ దిగడానికి పావుగంట పట్టింది. దిగి, చివరి మెట్టు మీదే కూర్చుంది. నవ్వుతుందనుకున్నాను.

"మీరు ఆగారు" అంది.

"ఆగకపోతే ఆ ముసలాయన చెయ్యి..."

"నేననేది అది కాదండీ. ఇవాళ మీరు ఆగారు. ఆ రోజు ఆగలేదు."

"ఆలస్యంగా ఆపమన్నాను. ఒప్పుకున్నానుగా."

"ఆలస్యంగా కాదు. అసలు అనలేదు. ఆపు అని మీరు అననే లేదు."

అరిచినట్టు నాకు గుర్తు. గుర్తుందనే సంతకం పెట్టాను. ఆవిడ చెప్పుకుపోయింది, ఎవరి గురించో చెబుతున్నట్టు.

"అరిచింది పనివాళ్ళు. అది మీ వాకీటాకీలోంచి నాకు వినబడింది. అప్పటికే నేను ఆపేశాను. అప్పటికీ మీరు దించు అంటూనే ఉన్నారు. బరువు దేనికో తగిలితే లీవరులో తెలుస్తుంది. అరచేతిలో అదోలా ఉంటుంది, బరువు చూపించే మీటరు కూడా తగ్గుతుంది. కట్ట ఇంకా పైనే ఉండాలి, అప్పుడే తేలికైందేంటి అని చెయ్యి ఆగబోయింది. మీరు దించు అన్నారు. చూసేది మీరు కదా అని దించాను. మళ్ళీ అన్నారు. మళ్ళీ దించాను. మూడోసారి మీరు అంటున్నా చెయ్యి కదల్లేదు. అక్కడ ఆపాను."

"ఇంజినీరుతో ఆ మాట చెప్పలేదే?"

"మీరు ఆపమన్నానన్న ఒక్క మాట పట్టుకుని నిలబడి ఉన్నారు. అది కూడా లాగేస్తే ఏమైపోతారో అని భయమేసింది." అరచెయ్యి చూసుకుంటూ, "అదొక్కటే కాదు. చేతికి తెలిశాక కూడా రెండుసార్లు దించాను. ఆ రెండిట్లోనే ఆయన ఎముక విరిగింది. ఆ రెండూ నావి. ఎవరికి తెలిసినా నా సీటు పోతుందని కూడా భయమే" అంది.

నేను ఆవిడ ఎదురుగా నేల మీద చతికిలబడ్డాను.

"చేతికి తెలియడం అంటే ఏంటండీ? ఎవరో చెప్తేనే కదా తెలిసింది. దేవుడు నా చేతికి చెప్పాడు. నేను మీ మాట విన్నాను. రోజూ పొద్దున గోడ వైపు తిరిగి ఆయనకి అదే చెప్పుకుంటున్నాను. నువ్వు చెప్పావు, వినడానికి నేను భయపడ్డాను అని."

ఆవిడది కోపం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఒకే ఇంట్లో ఉండి, ఒకే కంచాలు కడుక్కుంటూ, ఎవరి బాధ వాళ్ళం దాచుకుని తిరిగాం. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే ఇంకొకటి వచ్చింది. వాకీటాకీ నా చేతికి మళ్ళీ వచ్చి గంట కాలేదు. కాగితం మీద నా సంతకం ఉంది. ఈ సంగతి తెలిసింది మా ఇద్దరికే. ఊరుకుంటే ఇద్దరి బతుకులూ చక్కగా ఉన్నచోట ఉంటాయి.

"ఏం చేద్దామంటారు?" అంది. పైనుంచి అడిగినట్టే అడిగింది, నేను చెప్తే అదే చేసేలా ఉంది.

నాకు మటుకు ఏం తెలుసు. తర్వాత ఏమవుతుందో ఎంత ఆలోచించినా ఒక్క అంగుళం కనపడలేదు. "ముందు మేస్త్రి ఇంటికి వెళ్దాం" అన్నాను.

"తర్వాత?"

"తర్వాతది అక్కడికి వెళ్ళాక అడుగుదాం."

ఎవరిని అని ఆవిడ అడగలేదు. లేచి చీర దులుపుకుంది.

మట్టం మేస్త్రి ఉండేది వడ్రంగి కొట్టు వెనక రెండు గదుల ఇంట్లో. రెండు నెలలైంది, నేను ఒక్కసారి కూడా ఆ గుమ్మం తొక్కలేదు. మొహం చెల్లలేదు. వాళ్ళావిడ తలుపు తీసి, నన్ను చూసి, గబగబా కుర్చీలు లాగింది. అంత మర్యాద నేను ఊహించలేదు. మేస్త్రి మంచం మీద ఆనుకుని ఉన్నాడు. కాలు స్టూలు మీద. చిక్కిపోయాడు.

కుర్చీలో కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను. నా పరధ్యానం, నా నోరు, కాగితం మీద అబద్ధం, అన్నీ. "మిమ్మల్ని చూసి నేను ఆపమన్నానని రాసుకున్నారు. నేననలేదు. ఇంకా దించమనే అన్నాను. ఆపింది మా ఆవిడ" అన్నాను.

"తెలిసిన వెంటనే ఆపలేదండీ. ఈయన రెండుసార్లు దించు అనేదాకా దించాను. అప్పుడు ఆపాను" అంది మా ఆవిడ.

మేస్త్రి స్టూలు మీది కాలికేసి చూసుకున్నాడు. "ఆ రెండూ లేకపోతే నడిచేవాణ్ణి" అన్నాడు. తిట్టినట్టు అనలేదు. ఏదో కొలత చెప్పినట్టు అన్నాడు. ఇంకాసేపటికి, "మూడోది కూడా ఉంటే ఇలా కూర్చునేవాణ్ణి కాదు" అని కళ్ళు మూసుకున్నాడు. అతను మమ్మల్ని క్షమించాడో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. మర్నాడు ఇంజినీరు గారికి కూడా చెప్పాం. కాగితం మళ్ళీ రాశారు, వాకీటాకీ నా దగ్గర్నుంచి తీసుకున్నారు, మా ఆవిణ్ణి మాత్రం ఆ సీటులోనే ఉంచారు. నేను ఇప్పటికీ స్టోరులోనే ఉన్నాను. అదంతా మర్నాటి మాట.

ఆ సాయంత్రం మేస్త్రి భార్య గోడకానుకుని నిలబడి అంతా వింది. మేం వెళ్ళబోతుంటే ముందుకొచ్చి నాతో అంది. "ఆ రోజు నుంచి పొద్దున్నా సాయంత్రం మీకోసం ప్రార్థన చేస్తున్నానండీ. మీ పేరు తెలీదు నాకు. ఆపమన్నాయన్ని చల్లగా చూడు తండ్రీ, అని చెప్పుకుంటున్నాను."

నాకు తలకాయ తీసేసినట్టయింది. "అయ్యో, తప్పుడు చిరునామాకి పంపారండీ" అన్నాను.

"చిరునామా నేను రాశాను గాని, చేర్చేది నేను కాదు కదా" అంది ఆవిడ. నన్ను దాటి వెళ్ళి మా ఆవిడ ముందు నిలబడింది.

"ఆపింది ఏ చెయ్యమ్మా?" అంది.

మా ఆవిడకు మొదట అర్థం కాలేదు. తర్వాత కుడిచెయ్యి చాపింది. మేస్త్రి భార్య దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకుని, అరచెయ్యి పైకి తిప్పి, కళ్ళకి అద్దుకుంది. ఆ వేసవిలో మా ఆవిడ ఏడవడం అప్పుడే చూశాను.